డథీ హిల్‌కి ఏ బైక్ కొనాలి?

రెడ్మండ్, కొత్తగా వచ్చాను:
అన్నలూ, అక్కలూ, నమస్తే. ఇక్కడ సియాటిల్ దగ్గరున్న డథీ హిల్ పార్కులో మౌంటెన్ బైక్ తొక్కాలని ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనమంటారు?

సమ్మామిష్ నుంచి:
బైక్ తర్వాత కొందువుగానీ తమ్ముడూ, ముందు ఒక శనివారం పనికి రా. ఆ 120 ఎకరాలు కింగ్ కౌంటీ పార్కే, కానీ ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ వాలంటీర్లు చెమటోడ్చకపోతే నువ్వు తొక్కేందుకు ట్రెయిల్ ఉండేది కాదు. మెక్లియోడ్ అని ఒక పనిముట్టు, ఒక పక్క పళ్లు, ఇంకో పక్క పార అంచు. దాంతో కుళ్లిన ఆకులు లాగేసి, గట్టి మట్టి తేలాక, బాటని పల్లం వైపు కాస్త వాలుగా సర్ది, దాన్నే నిలబెట్టి దిమ్మిసలా కొడతాం. ఇంక నీళ్లు నిలవవు.

ఇసాక్వా నుంచి:
పర్మిషన్ లేకుండా మాత్రం పార పట్టకు. ఇదివరకు వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు, వాగు దగ్గర బురద చూడలేక ముగ్గురం చెక్కలు కొట్టి చిన్న వంతెన వేశాం. అక్కడి పార్కు వాళ్లు రెండు వారాల్లో పీకేసి, ఆఫీసుకి రమ్మన్నారు. గంటన్నర కూర్చోబెట్టి, ఎవర్నడిగి వేశారు, అది చేపలు గుడ్లు పెట్టే చోటు, తీసేసిన ఖర్చు మీరే కట్టాలి అన్నారు. మంచికే చేశామన్నా వినలేదు. కట్టాం. అప్పుడు నాది హెచ్-1బి, రికార్డుల్లోకి ఎక్కుతుందేమోనని నెల రోజులు ఒకటే టెన్షన్.

రెడ్మండ్:
హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్న మా ఆవిడ ఈ పనికి రావచ్చా?

సమ్మామిష్:
జీతం లేదు, లాభాపేక్ష లేని సంస్థ, అందరూ ఊరికే చేసే పని. నిక్షేపంగా రావచ్చు. ఇంకోటి, డథీలో పార్కింగ్‌కి పాస్ అక్కర్లేదు. ఇక్కడే ఇంకో బైక్ చోటు టైగర్ మౌంటెన్ ఉంది, అది వాషింగ్టన్ స్టేట్‌ది, అక్కడ బండి పెట్టాలంటే స్టేట్ వాళ్ల డిస్కవర్ పాస్ ఉండాలి. స్టేట్ భూముల్లో 24 గంటలు వాలంటీర్‌గా పనిచేస్తే ఏడాది పాస్ ఉచితంగా ఇస్తారు.

డెన్వర్ నుంచి ఇటు మారాను:
వాన పడ్డాక తొక్కొద్దని కూడా చెప్పండి.

సమ్మామిష్:
అది మీ కొలరాడో బంకమట్టికి అక్కా. ఇక్కడ వాన ఆగాక తొక్కాలంటే వేసవి దాకా ఇంట్లోనే కూర్చోవాలి.

డెన్వర్ నుంచి ఇటు మారాను:
నేనొప్పుకోను. టైరు చార దిగబడుతోందంటే వెనక్కి తిరగాల్సిందే, ఏ ఊరైనా సరే. పోయిన నవంబర్‌లో ఒకే మలుపులో పదహారు బకెట్ల మట్టి మోశాను, నడుం ఇంకా గుర్తుచేస్తోంది.

ఇసాక్వా నుంచి:
తమ్ముడూ, పాత జీన్స్, గట్టి బూట్లు వేసుకుని ఇద్దరూ రండి. నీ ఎత్తెంతో చెప్పు, నా పాత హార్డ్‌టెయిల్, అంటే వెనక షాకులు లేని బైక్, గరాజ్‌లో ఉంది, సరిపోతే తీసుకెళ్లి నెల రోజులు తొక్కి చూడు.