ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు ఫ్లష్‌కు కలిపితే కంపు కొడుతున్నాయి, తప్పు ఎక్కడ?

నిజాంపేట_కమిటీ:
100 ఫ్లాట్లు, దాదాపు 400 మంది. ఎండాకాలం నల్లా నీళ్లు చాలక రోజుకు నాలుగు ట్యాంకర్లు (ఒక్కోటి 5,000 లీటర్లు) తెప్పిస్తున్నాం. ఎస్టీపీ ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ రకం, అంటే ట్యాంకులో ఎక్కువసేపు గాలి ఊది సూక్ష్మజీవులున్న బురదతో మురుగు శుద్ధి చేసేది. ఆ నీళ్లు ఫ్లష్‌కు కలిపిన వారానికే పసుపు రంగు, కుళ్లిన గుడ్ల వాసన. చప్పుడు, కరెంటు బిల్లు తగ్గాలని రాత్రి 11 నుంచి 5 దాకా బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) ఆపుతున్నాం. ఫిల్టర్‌లోని కార్బన్ (రంగు, వాసన పీల్చే బొగ్గు) మారిస్తే సరిపోతుందని ఆపరేటర్ అంటున్నాడు. నిజమేనా?

గాలి_బురద:
కార్బన్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. కుళ్లిన గుడ్ల వాసన అంటే గాలి అందక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని. ఆరు గంటలు బ్లోయర్ ఆపితే బురద కుళ్లుతుంది. అందులోని సూక్ష్మజీవులు ఆ నీరసంలో ఉండగానే పొద్దున స్నానాల వేళ మురుగంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు.

తర్వాత ఫీడ్ పంపు (మురుగును ఏరేషన్ ట్యాంకులోకి తోసేది) చూడండి. మీ మురుగు రోజుకు 45 వేల లీటర్ల చుట్టూ ఉంటుంది. 20 గంటలు నడిస్తే గంటకు 2,250 లీటర్లు చాలు. చాలా చోట్ల దొరికిన పెద్ద పంపు బిగించేస్తారు. అది గంటకు 8 వేలు తోస్తే సెట్లింగ్ ట్యాంకులో బురద కిందికి దిగకముందే నీళ్లతోపాటు బయటికి పోతుంది, ఫిల్టర్లు మూసుకుపోతాయి. బైపాస్ వాల్వ్ పెట్టి, మిగిలింది మళ్లీ ఈక్వలైజేషన్ ట్యాంకుకే (వచ్చిన మురుగు ముందుగా చేరేది) తిప్పండి. ఆ ట్యాంకులో కూడా గాలి ఆడాలి.

రోజూ ఒక పరీక్ష: ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. బురద 200–400 మిల్లీలీటర్ల దగ్గర దిగి పైన నీరు తేటగా ఉంటే బాగున్నట్టు. 600 దాటితే బురద తీయడం మానేసి ఉండొచ్చు. దిగిన బురద కాసేపటికి బుడగలతో పైకి తేలితే, సెట్లింగ్ ట్యాంకులో ఎక్కువసేపు నిలవ ఉంటోందని. ఆ బురదను తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపే రిటర్న్ పంపు పెంచండి.

నిజాంపేట_కమిటీ:
రాత్రి బ్లోయర్ నడిపితే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ఊరుకోరండీ.

గాలి_బురద:
వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టి రాత్రిపూట వేగం తగ్గించండి. బ్లోయర్ కింద రబ్బరు ప్యాడ్లు, మీద శబ్దం ఆపే డబ్బా. గాలి మాత్రం ఆగకూడదు. ఇవన్నీ కుదిరాక కూడా లేత పసుపు మిగిలితే, అప్పుడు కార్బన్ మార్చండి.

క్లోరిన్ సంగతి: ఫ్లష్‌కు వెళ్లే 18 వేల లీటర్లకు లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 10 శాతం హైపో (క్లోరిన్ ద్రావణం) రోజుకు దాదాపు 900 మిల్లీలీటర్లు. అరగంట కలిసి ఉన్నాక, పైఅంతస్తు ఫ్లష్ ట్యాంకులో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి. హైపో క్యాన్లు ఎండలో పెడితే బలం పోతుంది. డోసింగ్ పంపు తిరుగుతూనే ఉంటుంది, క్లోరిన్ మాత్రం ఉండదు.

పైపులైను_పెద్దన్న:
వాసన కంటే ముందు జెట్ స్ప్రేలు చూడండి సర్. ఫ్లష్ పైపు పక్కనే ఉంటుందని ప్లంబర్లు దానికే టీ జాయింటు వేసి జెట్ స్ప్రేకు ఇచ్చేస్తారు. మంచినీళ్ల వాల్వ్ కట్టేసి, లైను ఖాళీ చేసి ఫ్లాట్ ఫ్లాట్ తిరగండి. ఇంకా నీళ్లొచ్చే ప్రతి నల్లా, ప్రతి జెట్ తప్పు కనెక్షనే. ఎస్టీపీ నీళ్లు చాలనప్పుడు మంచినీళ్లు ఫ్లష్ ట్యాంకులోకి పైనుంచి, గాలి ఖాళీ వదిలి పడాలి. పైపుకు పైపు కలిపి మధ్యలో వాల్వ్ పెడితే, అది లీకైన రోజు మురుగు నీళ్లు వంటింటికి వస్తాయి.

మూసీ_దిగువ:
లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంలో ఫ్లష్ వాటా 45. మీకు 18 వేల లీటర్లు, అంటే ట్యాంకర్లు మూడున్నర. ఫ్లష్ వరకు పొదుపు అంతే. అందరూ డ్యూయల్ ఫ్లష్ పెట్టించినా తగ్గేది ఎస్టీపీ నీళ్లే, మంచినీళ్లు కావు. ఆ డబ్బుతో నల్లాలకు ఏరేటర్లు (గాలి కలిపి నీటి ధార తగ్గించే మూతులు) పెట్టించడం మేలు.

ముందు ఫ్లష్, తర్వాతే గార్డెన్. ఫ్లష్‌లో పోసింది మళ్లీ ఎస్టీపీకే వస్తుంది, పచ్చికకు పోసింది చాలావరకు ఆవిరైపోతుంది. నాగార్జునసాగర్ నుంచి మన హైదరాబాద్‌కొచ్చిన కృష్ణా నీళ్లు వాడాక మూసీలో పడి, కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) కింద వరికీ పశువుల గడ్డికీ పారి, మిగిలినవి వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చిన గోదావరి నీళ్లదీ చివరికి అదే దారి. అందుకే ఇక్కడ మనం పొదుపు అనుకున్నదంతా నదికి పొదుపు కాదు. పైనుంచి తెచ్చేది తగ్గుతుంది, కిందికి వెళ్లేదీ తగ్గుతుంది. శుద్ధి చేసి వదిలితే మాత్రం కిందివాళ్లకు లాభమే.

సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) ఉంటే దాన్ని కడిగిన ఉప్పునీళ్లు ఎస్టీపీలోకి రానివ్వకండి. ఎస్టీపీ ఉప్పును తీయదు, తిప్పేకొద్దీ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) పెరిగి గడ్డి కొసలు మాడతాయి. మిగిలిన నీళ్లు డ్రైనేజీకి వదలండి గానీ, బోరు పక్కన ఇంకుడు గుంతలో మాత్రం పోయకండి. ఆ గుంత వాననీటికే.