విశాఖలో కొత్త విశ్వవిద్యాలయం, జర్మనీ డిగ్రీ: సలహా కావాలి

ఎం.వి.పి. కాలనీ – ఆఖెన్:
నమస్కారమండీ. విశాఖలో పెట్టబోయే ప్రైవేటు విశ్వవిద్యాలయం తరఫున ఇక్కడి జర్మన్ విద్యాసంస్థలతో మాట్లాడడానికి వచ్చాను. మొదటి బ్యాచ్ నుంచే ఉమ్మడి డిగ్రీ, అంటే రెండు సంస్థలూ కలిసి ఇచ్చే పట్టా, ఇవ్వాలని మావాళ్ళ పట్టుదల. ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక – డ్రెస్డెన్:
ముందు ఇల్లు చూసుకోండి బాబూ! ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. నేను వచ్చిన కొత్తలో ఒకాయన అద్దె ముందే పుచ్చుకుని, కాగితం మాట ఎత్తితే వచ్చేవారం అనేవాడు. నమోదు లేక పన్ను నంబరు రాలేదు, నంబరు లేక జీతంలో పెద్ద కోత పడింది. ఆఫీసులో అమ్మాయి నా వంక దొంగను చూసినట్టు చూసింది. చివరికి తేలిందేమిటంటే, ఆయనా అద్దెకున్నవాడే! అసలు యజమానికి నేనున్న సంగతే తెలియదు.

భీమిలి – మ్యూనిక్:
ఆయన అడిగింది డిగ్రీ గురించి, అన్నగారూ. మన విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది: సంస్థల నాణ్యతను తూచే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు గానీ, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో చోటు గానీ ఉన్న సంస్థ, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలోని విదేశీ సంస్థతో అనుమతి అడగకుండానే కలవవచ్చు. న్యాక్ గడప తొక్కాలంటేనే రెండు బ్యాచ్‌లు బయటికి రావాలి, లేదా ఆరేళ్ళు నిండాలి. ఇంకా పుట్టని సంస్థకు ఆ దారి ఎక్కడిది?

గాజువాక – డ్రెస్డెన్:
మరి మద్రాసు ఐఐటీకి 1959లో జర్మన్లు రాలేదా? న్యాక్ ఎవరడిగారు?

భీమిలి – మ్యూనిక్:
అది రెండు ప్రభుత్వాల ఒప్పందం. ప్రొఫెసర్లు, యంత్రాలు వచ్చాయి, డిగ్రీ మాత్రం మనదే. కాన్పూరు ఐఐటీకి తొమ్మిది అమెరికా సంస్థలు 1962 నుంచి పదేళ్ళు సాయపడ్డాయి, అక్కడా అంతే.

వాల్తేరు – లైప్‌జిగ్:
మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. ఏ విదేశీ ముద్ర ఉందని నిలబడింది?

గాజువాక – డ్రెస్డెన్:
అక్కడ ఉపకులపతిగా చేసిన రాధాకృష్ణన్ గారే 1936లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులయ్యారు. అదీ సంబంధమే కదా!

వాల్తేరు – లైప్‌జిగ్:
ఆయన వెళ్ళింది పాఠం చెప్పడానికండీ, ముద్ర వేయించుకోవడానికి కాదు. బాబూ, మీరు పైవాళ్ళ దగ్గరికి కాదు, ఏదైనా ఒక విభాగంలోని ఒక ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళండి. ఉమ్మడి ప్రయోగశాల, అధ్యాపకుల రాకపోకలు, ఎవరి ఖర్చు ఎవరిది అన్నది రాసుకోండి. డబ్బు ఊసులేని ఒప్పందం ఫొటోకే పనికొస్తుంది.

ఎం.వి.పి. కాలనీ – ఆఖెన్:
ధన్యవాదాలండీ. 3.01 సంగతి మావాళ్ళకు ఫోనులో చెప్పాను. ఉమ్మడి డిగ్రీ అని రాసిన బ్రోషరు అప్పటికే అచ్చుకు వెళ్ళిందట.