శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లడానికి రెండుంబావు గంటలు, రావడానికి ఐదు గంటలా?

మానేరు గట్టు:
చెల్లెలి కాన్పుకని మా అమ్మ వచ్చే నెల ఒంటరిగా దుబాయ్ వెళుతోంది. మాది కరీంనగర్. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. టికెట్టులో ఉదయం 10.10కి శంషాబాద్‌లో బయలుదేరి 12.25కి దిగుతుందని ఉంది. తిరుగు టికెట్టులో మధ్యాహ్నం 1.30కి బయలుదేరితే చేరేది సాయంత్రం 6.25కట. ఒకే దారికి ఇంత తేడా ఎందుకు? అమ్మకు చక్కెర వ్యాధి, అన్నానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఎంతసేపు గాలిలో ఉంటుందో తెలిస్తే తప్ప నాకు నిమ్మళం లేదు.

వేపచెట్టు:
టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి సమయం వేస్తారు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. వెళ్లేటప్పుడు గంటన్నర కలపండి, వచ్చేటప్పుడు తీసేయండి. మూడు ముప్పావు ఒకటి, 3 గంటల 25 నిమిషాలు ఒకటి.

మానేరు గట్టు:
మరి ఆ 20 నిమిషాలు?

గల్ఫ్ పాతకాపు:
అవి గాలివి తమ్ముడూ. పందొమ్మిదేళ్లు అక్కడ కరెంటు పని చేశాను. నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు ఏరులా పారుతుంది, చలికాలంలో మరీ జోరు. వెళ్లేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు ఆ గాలే వెనక నుంచి నెడుతుంది.

కానీ నువ్వు లెక్క వేయవలసింది ఆ మూడు ముప్పావు గంటలు కాదు. 10.10 విమానానికి ఏడింటికల్లా శంషాబాద్‌లో ఉండాలి. కరీంనగర్ నుంచి నాలుగు గంటల దారి. అంటే అమ్మ రెండింటికే లేవాలి. దిగాక పాస్‌పోర్టు వరుస, సామాను, అల్లుడి కారు. ఇల్లు చేరేసరికి మన గడియారంలో నాలుగవుతుంది. మొత్తం పద్నాలుగు గంటలు. మందూ తిండీ దానికి సరిపడా చూసుకో.

మా అమ్మను తీసుకెళ్లినప్పుడు నేను విమానం సమయం ఒక్కటే చూసుకున్నాను. తెల్లవారుజామున ఏమీ తినకుండా బయలుదేరింది. శంషాబాద్‌లో వరుసలో నిలబడగానే చెమటలు పట్టాయి, చేయి పట్టుకుంటే మంచులా ఉంది. వెనక నిలబడ్డ నిజామాబాద్ ఆవిడ కొంగు ముడి విప్పి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. ఆవిడ పేరైనా అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టు, డాక్టరు చీటీతో సహా. కింది సామానులో చలికి గడ్డకడితే ఇక పనికిరాదు.

పసుపు కొమ్ము:
కాన్పు అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. అమ్మ కట్టే మసాలా పొట్లాలు మీరే విప్పి చూడండి. గసగసాలు అక్కడ నిషిద్ధం, జైలు దాకా వెళుతుంది.

మానేరు గట్టు:
అన్నా, ముందురోజే ఉప్పల్‌లో పిన్ని ఇంటికి తీసుకెళుతున్నాను. ఆ ఒక్కరోజు మందు మన గడియారం ప్రకారమే వేసుకోమని మా డాక్టరు గారు చెప్పారు. అక్కా, గసగసాలు నిజంగానే ఉన్నాయి, చెల్లెలికని పావుకిలో. తీసేశాను.