అప్‌డేట్: బొలెరో వెనక జనరేటర్ ట్రైలర్ 60 దాటితే ఊగేది, సంగతి తేలింది

బరంపురం–ఇచ్ఛాపురం హైవే మీద 60 దాటగానే రెండు చక్రాల ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది, ఎంత స్పీడ్ సేఫ్ అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద బరువు తూచండి" అన్నవారి మాటే నిజమైంది.

ట్రైలర్ మొత్తం 1,200 కేజీలు. చదును నేల మీద కప్లర్ (హిచ్‌కి తగిలే ట్రైలర్ ముందు కొస) కింద కాటా పెట్టి, బండికి తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే దిమ్మ మీద ఆనిస్తే 45 కేజీలే చూపించింది. మొత్తంలో 10–15 శాతం రావాలి. 100 కేజీల కేబుల్ చుట్టలు వెనక డోర్ దగ్గర ఉండటమే కారణం. వాటిని ఇరుసు దాటించి 2.4 మీటర్లు ముందుకు జరిపి, బెల్టులతో బిగించాక 125 వచ్చింది. ఊపు పోయింది. అయితే ఆ బరువు బొలెరో వెనక ఇరుసు మీదే పడుతుంది, డిక్కీలో సామాను ఆ మేరకు తగ్గించాలి.

నా విషయంలో షాక్ అబ్జార్బర్లూ వీల్ అలైన్‌మెంటూ కారణం కాదు. టైర్లలో గాలి తక్కువే ఉంది గానీ, నింపితే వచ్చిన తేడా కొంచెమే.

ఇక స్పీడ్. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేవు, అవి వేయించేదాకా 50–60 మధ్యే. బ్రేక్ తొక్కాక బండి ఆగే దూరం 80లో 60 కంటే దాదాపు 1.8 రెట్లు. పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడు ఊగితే బ్రేక్ తొక్కకండి, స్టీరింగ్ కదల్చకుండా యాక్సిలరేటర్ వదిలేయండి.