మన జిల్లాల వీగన్ గ్రూపు తెలుగులో నడపాలా, ఇంగ్లీషులోనే ఉంచాలా?

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం, విజయనగరం వీగన్‌ల వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్లలో నేనొకణ్ణి. తెలియనివారి కోసం చెబుతున్నా, మేం మాంసం, చేపలతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసినవాళ్లం. ఇన్నాళ్లూ గ్రూపు ఇంగ్లీషులోనే నడిచింది. ఇకమీదట తెలుగులో నడుపుదామంటున్నాను. పాలకు బదులు ఏం వాడాలని కొత్తవాళ్లెవరైనా అడిగితే బాదం పాలు, ఓట్స్ పాలు అని జవాబొస్తోంది. పలాసలో జీడిపప్పు, ఉద్దానం నిండా కొబ్బరి ఉన్నవాళ్లం మనం ఓట్స్ కొనుక్కోవడమేంటి? చోడి (రాగి) అంబలిలో మజ్జిగ పోయకుండా పులుపు ఎలా తెప్పించాలో బయటివాళ్లు రాసిపెట్టరు. మన వంట తెలిసినవాళ్లు మాట్లాడితేనే ఆ సంగతులు బయటికొస్తాయి. వాళ్లేమో ఇంగ్లీషు చూసి నోరు మెదపడం లేదు.

కోట జంక్షన్:
నేను ఒప్పుకోను. 1944లో ఇంగ్లండులో వీగన్ సొసైటీ పుట్టినప్పటి నుంచి ఈ ఆలోచన ఎక్కువగా పెరిగింది ఇంగ్లీషులోనే. తెలుగులోకి మార్చిన మర్నాడే గోపూజ, సాత్వికాహారం, కార్తీక సోమవారం ఉపవాసం పోస్టులు మొదలవుతాయి. దూడ నోటి దగ్గర పాలు మనం లాక్కుంటున్నామన్న అసలు మాట అందులో కొట్టుకుపోతుంది.

పొందూరు నేత:
నాదొక సందేహం. పట్టు కట్టొద్దు, ఖద్దరు కట్టండి అని గ్రూపులో చెబుతుంటారు. మా పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు. అది వీగనా కాదా?

కోట జంక్షన్:
చేప ఎముక వాడితే కాదు.

పొందూరు నేత:
అంత తేలిగ్గా అనేస్తే ఎలా? సొసైటీ వాళ్ల నిర్వచనంలోనే సాధ్యమైనంత, ఆచరణలో వీలైనంత వరకు అని ఉంది. చేత్తో వడికి నేసే బట్టని కాదని పాలియెస్టర్ కట్టుకోమంటారా?

గజపతినగరం మేస్టారు:
బాబూ, గాంధీ గారంతటివారు పాలు ముట్టనని ఒట్టు పెట్టుకుని, జబ్బు చేశాక మేకపాలు తాగారు. కొంచెం పట్టూ విడుపూ ఉండాలి.

కోట జంక్షన్:
మేస్టారూ, ఆ మేకపాల కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ వింటున్నాను. ఆయన తాగారు గనక నువ్వూ తాగు అనడానికే అందరికీ పనికొస్తోంది.

ఆసుపత్రి డ్యూటీ:
ఏ భాషలో నడిపినా బి12 విటమిన్ మాత్రల సంగతి అందరికీ కనబడేలా పైన పెట్టండి. మొక్కల తిండిలో అది నమ్మకంగా దొరకదు.

కళింగపట్నం కెరటం:
మాది మత్స్యకార కుటుంబం. మా అమ్మ ఎండు చేపలు అమ్మి నన్ను చదివించింది. నేను చేపలు మానేసి ఈ గ్రూపులో చేరాను. ఒకరోజు నా వంట ఫొటో పెడితే, వెనకాల చేటలో ఎండు మెత్తళ్లు కనబడ్డాయని ఒకాయన "ముందు మీ ఇల్లు శుభ్రం చేసుకోండి" అన్నారు. చక్కటి ఇంగ్లీషులో అన్నారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

నాగావళి ఒడ్డు:
అందుకే అంటున్నాను చెల్లీ. తెలుగులో అయితే ఆయనకి ఆ మాట నోట రాదు.

కళింగపట్నం కెరటం:
ఎందుకు రాదన్నయ్యా? ఇంకా ఘాటుగా వస్తుంది. తెలుగు గ్రూపుల్లో అడుగుపెట్టగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలెడతారు. ఇక్కడ నన్నెవరూ ఇంటిపేరు అడగలేదు. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పినా "చిన్నదానివి, ఊరుకో" అనలేదు. అలాగని ఇంగ్లీషు నన్ను కాపాడిందనీ చెప్పలేను.

కోట జంక్షన్:
నా బాధా అదే! పెరుగు తిననన్నందుకు నాకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. మా మావయ్య నలుగురిలో నిలబెట్టి "మగాడివేనా" అని అడిగాడు. సిరిమాను పండక్కి ఇంటికి వెళ్లడమే మానేశాను. ఈ గ్రూపులోకి మావాళ్లెవరూ రారన్న ధైర్యంతోనే మాట్లాడుతున్నాను. తెలుగు చేస్తే ఇవాళ మా బావ చేరతాడు, రేపు మావయ్య వస్తాడు. అప్పుడిక నా నోరు లేవదు. మీకు తెలుగు మీద ప్రేమ ఉంటే ఇంకో గ్రూపు పెట్టుకోండి.

నాగావళి ఒడ్డు:
ఇంతసేపూ సొసైటీ, సిద్ధాంతం అన్నారు. అసలు సంగతి ఇదన్నమాట. మీ మావయ్యలాంటివాళ్లు రావాలనే నేను కోరుకుంటున్నాను. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. నేను పాలు మానేశాక తనే కొబ్బరిపాలతో పరమాన్నం చేయడం పట్టింది, ఇప్పుడు ఇంటిల్లిపాదీ అదే తింటున్నాం. ఆమె చెప్పాల్సిన గ్రూపులో ఆమెకే చోటు లేకపోతే నాకెందుకది? ఇంటివాళ్లని వదులుకుని ఈ దారిలో నేను ఎక్కువ రోజులు నడవలేను.

కోట జంక్షన్:
మీ అమ్మగారు కలిసొచ్చారు. మా ఇంట్లో కలిసిరాలేదు. మీ అదృష్టం చూపించి నా తలుపు తీయమనకండి.

కళింగపట్నం కెరటం:
కోట గారూ, మీ మావయ్య రాకూడదంటే ఎవర్ని చేర్చుకోవాలో నియమం పెట్టుకోండి, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. అమ్మకి చోటంటున్నారు కదా అన్నయ్యా, మరి మా అమ్మకో? ఆమె చేపలు అమ్మడం మానదు, నేను మానమని అడగను. ఆమెని కించపరిచినాయన ఇంకా గ్రూపులోనే ఉన్నారు. ముందు అది తేల్చండి.

కోట జంక్షన్:
ఆయన గ్రూపు మొదలెట్టినవాళ్లలో ఒకరు. తీసేస్తే సగం మంది వెళ్లిపోతారు.

నాగావళి ఒడ్డు:
వెళ్లనివ్వండి. ఆదివారం కాల్ పెడుతున్నాను, ఆయన్నీ రమ్మన్నాను. చెల్లీ, నువ్వూ రా.

కళింగపట్నం కెరటం:
వస్తాను. ఆయన చెప్పుకునేది మా అమ్మకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి.