రీఫ్ ట్యాంకులో ముందు రాయా, ముందు ఇసుకా?

కూకట్‌పల్లి_క్లౌన్:
అందరికీ నమస్తే. రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో పగడాలు, సముద్రపు చేపలు పెంచేది, నాలుగడుగులది చేయించాను. 120×45×60 సెంటీమీటర్లు, 12 ఎంఎం గాజు. 25 కిలోల డ్రై రాక్ (జీవాలేవీ లేని ఎండు రాయి), 20 కిలోల అరగొనైట్ ఇసుక నెల రోజులుగా బాల్కనీలో ఉన్నాయి, బట్టలారేసుకోను చోటు లేదని అమ్మ గొడవ. ముందు రాయి పెట్టాలా, ఇసుక పోయాలా? ఇసుక ఎంత మందం? రాళ్లు గోడలా పేర్చాలా, రెండు దిబ్బలుగానా? లైటు ఎన్ని వాట్లు? ఇంకోటి, ఒకాయన రామేశ్వరం వైపు నుంచి అసలైన లైవ్ రాక్ (సముద్రపు జీవాలు పట్టిన రాయి) తెప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

గోబీ_బాధితుడు:
రాయి ముందు. గాజు మీదే. ఇసుక తర్వాత చుట్టూ పొయ్యండి. నేను తిరగేసి చేశాను. రెండంగుళాల ఇసుక పరిచి దాని మీద అందంగా గోపురంలా పేర్చాను. తర్వాత పిస్టల్ రొయ్యను, దానికి జోడీగా గోబీ అనే చిన్న చేపను తెచ్చాను. అవి రాయి కింద ఇల్లు కట్టుకున్నాయి. రొయ్య రాత్రీ పగలూ ఇసుక తోడుతూనే ఉంటుంది, గోబీ గుమ్మంలో కాపలా. మూడో వారం రాత్రి రెండింటికి ధబ్బుమని చప్పుడు. ఆరు కిలోల రాయి ముందు గాజుకు ఆనుకుని ఉంది. గాజు పగల్లేదు, దేవుడి దయ. కింద ఉన్న టార్చ్ కోరల్ అనే పగడం మాత్రం పచ్చడైంది. తెల్లారి చూస్తే రొయ్య పక్క రాయి కింద తవ్వుతోంది. ‘ఇల్లు కూలినా మేస్త్రీ క్షేమం’ అంది మా ఆవిడ.

డాలస్_డబ్బా:
గాజు మీద నేరుగా పెట్టాలంటే నాకు భయం. కింద ప్లాస్టిక్ గళ్ల షీటు (ట్యూబ్‌లైట్ కవర్లకు వాడేది) ముక్క వేశాను. మాకిక్కడ ఫ్లోరిడా రాయి దొరుకుతుంది. మామూలు సున్నపురాయిని సముద్రంలో వేసి, కొన్నేళ్లయ్యాక తీసి అమ్ముతారు. రంగులు బ్రహ్మాండం. కానీ దాంతో పాటు ఒక మాంటిస్ రొయ్య వచ్చింది. రాత్రుళ్లు టిక్ టిక్ అని చప్పుడు. హీటరేమో అనుకుని హీటరు మార్చాను. ఈలోపు రెండు చేపలు మాయం. చివరికి సీసా మూతి కోసి తిరగేసి, లోపల రొయ్య ముక్క పెట్టి పట్టాను. డ్రై రాక్ అయితే ఈ టెన్షన్ ఉండదు. సైకిల్ (అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో కుదురుకోవడం) మాత్రం నెలా నెలన్నర పడుతుంది, ఓపిక పట్టాలి.

పాతకాపు:
ఇరవై ఏళ్లకు పైగా ఉప్పునీళ్లలో చేతులు నానినవాడిని, చెబుతున్నాను వినండి. అంగుళం ఇసుక అలంకారానికే. అయిదంగుళాలు పొయ్యండి. పైన గాలి ఆడే చోట ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్ చేస్తుంది, అడుగున ఆక్సిజన్ లేని చోట ఇంకో రకం ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ చేసి వదిలేస్తుంది. మొనాకోలో జోబేర్ అనే శాస్త్రవేత్త ఇసుక కింద ఖాళీ అర వదిలి ఇదే పని చేయించాడు. యూట్యూబ్ చూసి ట్యాంకులు పెట్టేవాళ్లకు ఇవి తెలియవు.

మణికొండ_మెరైన్:
పాతకాపు గారూ, మీ అయిదంగుళాలు నేనూ పోశాను. మూడేళ్లు బాగానే ఉంది. ఇల్లు మారేటప్పుడు ఇసుక కదిపితే కుళ్లిన గుడ్ల వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. తీసిన నీళ్లే మళ్లీ పోశాం, టాంగు చేప మర్నాటికి లేదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు అయిదంగుళాలు చెప్పకండి దయచేసి.

పాతకాపు:
ఇల్లు మారితే పాత ఇసుక పారేసి కొత్తది వేసుకోవాలి మేడమ్. అది ఇసుక తప్పు కాదు.

మణికొండ_మెరైన్:
ఆ ముక్క పైన రాసి ఉంటే బాగుండేది.

బీచ్‌రోడ్డు_బాబు:
అసలు ఇసుక కొనడమేంటండీ! మాది వైజాగ్. బీచి నుంచి రెండు బస్తాలు తెచ్చి పదిసార్లు కడిగి పోశాను. ఎనిమిది నెలలైంది, క్లౌన్ చేపలు గుడ్లు కూడా పెట్టాయి. సముద్రపు చేపకు సముద్రపు ఇసుక, ఇంతకన్నా ఏం కావాలి?

గార్నెట్_గాడు:
బాబూ, ఆ ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మెనైట్, ఎర్రగా ఉండేది గార్నెట్, మిగతాది ఎక్కువగా క్వార్ట్జ్. మన తీరమంతా ఇంతే. గాజు తుడిచే మాగ్నెట్‌కు ఆ నల్ల రేణువులు అతుక్కుంటాయి. ఓసారి టార్చి వేసి మీ గాజు చూసుకోండి.

బీచ్‌రోడ్డు_బాబు:
గీతలు అందరి గాజులకూ ఉంటాయి. నువ్వేమన్నా జియాలజిస్టువా?

గార్నెట్_గాడు:
అవును. జీతం దానికే ఇస్తారు.

నాచు_నరకం:
క్వార్ట్జ్ ఇసుకైతే సిలికా కరిగి గోధుమ రంగు నాచు పడుతుందని విన్నాను, నిజమేనా? నాకు అరగొనైట్ వేసినా పట్టింది.

గార్నెట్_గాడు:
క్వార్ట్జ్ అంత తేలిగ్గా కరగదు, అది సాకు. కొత్త ట్యాంకులో ఎలాగూ పడుతుంది. నీళ్లు ఏవి వాడుతున్నారో చూసుకోండి. బోరు నీళ్లలో సిలికా ఉంటుంది, నీళ్ల ఫిల్టర్‌లోని డీఐ రెజిన్ అయిపోతే నేరుగా ట్యాంకులోకే. నా వాదన వేరు. అరగొనైట్ అంటే కాల్షియం కార్బొనేట్, వెనిగర్ తగిలితే నురగ కక్కుతుంది. మీ ఇసుక చెంచాడు తీసి వెనిగర్ పొయ్యండి బాబుగారూ. నురగ వస్తే నేను నోరు మూసుకుంటాను.

బీచ్‌రోడ్డు_బాబు:
నీ వెనిగర్ నువ్వే తాగు. నా ట్యాంకు బాగానే ఉంది, కళ్లు మండితే నేనేం చేయను.

అడ్మిన్:
ఏకవచనాలు వద్దు. ఇది రెండోసారి.

కోర్టుపక్షి:
రామేశ్వరం రాయి గురించి ఒక్కరూ మాట్లాడరేం? రీఫ్ కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అది. చచ్చిన పగడం ముక్క కూడా ‘రాయే కదా’ అంటే కుదరదు. ఒకప్పుడు మన్నార్ సింధుశాఖలో పగడాలు తవ్వి సున్నానికి కాల్చారు, అక్కడి రీఫ్‌కు జరిగింది చాలు. ఆయన నంబరు బ్లాక్ చెయ్యండి.

సగం_ట్యాంకు:
మా ఇంట్లో ఫ్లోరింగు వేయగా మిగిలిన తాండూరు బండలు ఉన్నాయి. అదీ సున్నపురాయే కదా, పగలగొట్టి పేర్చుకోవచ్చా?

గార్నెట్_గాడు:
సున్నపురాయే, కానీ గట్టిది, రంధ్రాలుండవు. బ్యాక్టీరియా కాపురం పెట్టేది రంధ్రాల్లోనే. అడుగున ఆసరాకు ఒక ముక్క వేసుకోండి, అంతే.

డాలస్_డబ్బా:
అవునూ, కరెంటు పోతే మీరంతా ఏం చేస్తారు? మా నాన్నగారికి విజయవాడలో ఒక చిన్న ట్యాంకు పెట్టిద్దామని.

గోబీ_బాధితుడు:
వేవ్‌మేకర్ (నీళ్లు కదిపే పంపు) ఒక్కటి ఇన్వర్టర్ మీద పెట్టించండి. మిగతావి ఆగినా కొన్ని గంటలు గండం గడుస్తుంది. విజయవాడ ఎండలకు అసలు ఖర్చు నీళ్లు చల్లబరిచే చిల్లర్‌ది, అది ముందే చెప్పండి ఆయనకు.

కూకట్‌పల్లి_క్లౌన్:
పేర్చేశాను. ట్యాంకు అడుగు కొలతకు అట్టపెట్టె కోసి నేల మీద పరిచి, దాని మీద మూడు రాత్రులు రాళ్లు మార్చి మార్చి చూశాను. ఎడమవైపు పెద్ద దిబ్బ, కుడివైపు చిన్నది, మధ్యలో సందు. అన్నివైపులా గాజుకు మూడంగుళాలు వదిలాను, మాగ్నెట్ తిరగాలి కదా. వెనక కూడా వేవ్‌మేకర్ గాలి, అదే నీళ్లు, తగిలేలా చూశాను. అతుకులకు సూపర్ గ్లూ జెల్, పెద్ద రాళ్లకు ఎపాక్సీ పుట్టీ. చేత్తో ఊపితే కదలట్లేదు. ఆరు కిలోలు మిగిలింది, సంపులో (ట్యాంకు నీళ్లు తిరిగే ఫిల్టర్ డబ్బా) వేశాను. ఇసుక మొత్తం పోస్తే అంగుళం వచ్చింది. నీళ్లు పాలలా ఉన్నాయి, రెండో రోజు. అమ్మ మాత్రం ఆ రాళ్లు బాల్కనీలోనే బాగున్నాయంటోంది.

మణికొండ_మెరైన్:
తేరుకుంటాయి, కంగారు పడకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా చేప తేకండి. వాట్లు చూసి లైటు కొనొద్దు. ముందు ఏ కోరల్స్ పెట్టాలనుకుంటున్నారో చెప్పండి.

బీచ్‌రోడ్డు_బాబు:
వెనిగర్ పోశాను. నాలుగైదు చోట్ల బుడగలు వచ్చాయి, చూస్తే అవి గవ్వ ముక్కలు. మిగతాది ఉలకలేదు, పలకలేదు. మాగ్నెట్ కూడా తీసి చూశాను. దాని గురించి నన్ను అడగొద్దు.

గార్నెట్_గాడు:
అడగను. కొత్త మాగ్నెట్ కొనేటప్పుడు నీళ్లలో తేలేది తీసుకోండి, ఇసుకలో పడదు.