ప్రతి విషాదానికీ ‘దిగ్భ్రాంతి’ అనొచ్చా?

మర్రిపాలెం వాసి:
రోడ్డు ప్రమాదం జరిగినా, నాయకుడు ఓడినా, బంగారం ధర పెరిగినా పేపర్లో, టీవీలో ఒకటే మాట. దిక్, భ్రాంతి కలిసి దిగ్భ్రాంతి అయింది. ఎటు పోవాలో తెలియనంతగా మనసు చెదిరిపోవడం. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖపట్నం ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి కమ్ముకున్నప్పుడు జనం పడ్డది అదీ! నిద్రలోంచి లేచి, గ్యాస్ ఎటు నుంచి వస్తోందో తెలియక పరిగెత్తారు, దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. ఆ మాట వాళ్లది. సంతాప ప్రకటన ఇచ్చే నాయకులకి విచారం, సంతాపం చాలవా?

పేపర్ డెస్క్:
మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోను. మాట పుట్టినచోటే ఆగిపోదు. ‘నూనె’ అన్న మాట నువ్వుల నెయ్యి నుంచి పుట్టింది, ఇవాళ కొబ్బరి నూనె అంటే ఎవరూ తప్పుపట్టరు. పైగా ప్రకటనలోనే ఆ మాట ఉంటే నేను మార్చలేను. బంగారం ధరకి వాడితే మాత్రం తప్పే.

మర్రిపాలెం వాసి:
నువ్వుల నూనె అని చెప్పుకునే వీలు మిగిలింది కదన్నా. దిగ్భ్రాంతి అరిగిపోతే, నిజంగా దిక్కు తెలియని మనిషి గురించి ఏమని రాస్తారు?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మాట్లాడేటప్పుడు ఆ మాట ఎవరంటారు బాబూ? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక బయటికొస్తే చెట్లు కూలి, బోర్డులు ఎగిరిపోయి మా వీధి మలుపు మాకే తెలియలేదు. దిక్కు తోచలేదు, కాళ్లూ చేతులూ ఆడలేదు అనే చెప్పుకున్నాం. వార్తల్లోనూ అలాగే రాయండి. ‘ఈనాడు’ 1974లో మొదలైన ఊరిది, పేపర్లో జనం భాష ఉండాలన్న పట్టింపు మనకి ఉండాలి.

పేపర్ డెస్క్:
అమ్మా, బాధితుల గురించి అలా రాయొచ్చు, రాయాలి కూడా. నాయకుల దగ్గరే చిక్కు. నలుగురు దిగ్భ్రాంతి అన్నచోట ఒకరికి విచారం అని రాస్తే, ఆయన బాధ తక్కువ చేశామని ఫోన్లు వస్తాయి. ‘తీవ్ర’ అన్నది మాత్రం నేను కొట్టేస్తూనే ఉన్నాను.

మర్రిపాలెం వాసి:
ఆ ఫోన్ల వల్లే మాట అరిగింది. దిగ్భ్రాంతిలో ఉన్నవాడికి నోరు పెగలదు, ఇక ‘వ్యక్తం చేయడం’ ఎక్కడిది? ప్రకటన ఉన్నదున్నట్టే వేయండి, కానీ చివర్లో వేయండి. శీర్షికలో పోయినవాళ్ల ఊరు రాయండి.